క్షేత్రంలో చిన్న శుభకార్యం: ఏ పనికి ఏ చోటు?

పెద్ద ఫంక్షన్ హాలు, వందల మందికి భోజనాలు, స్టేజీ ముందు ఫొటోల క్యూ. ఇవేవీ వద్దనుకుని, బాగా దగ్గరివాళ్లు 20–30 మందితో ఏదైనా పాత క్షేత్రానికి వెళ్లి, పిల్లాడి అక్షరాభ్యాసమో నాన్నగారి షష్టిపూర్తో అమ్మాయి పెళ్లో అక్కడే జరిపించుకునే కుటుంబాలు ఇప్పుడు ఎక్కువవుతున్నాయి. నాకిది చాలా మంచి మార్పనిపిస్తుంది. ఖర్చు తగ్గుతుంది, నిజమే. దాన్ని మించి, వచ్చినవాళ్లంతా కార్యాన్ని దగ్గర కూర్చుని చూస్తారు, మంత్రం చెవిన పడుతుంది, అక్షింతలు లేచి వచ్చి తలమీద వేస్తారు.

చిక్కంతా చోటు ఎంచుకునే దగ్గరే. ఫోన్‌లో ఒక అందమైన రాతి మండపం కనబడగానే "ఇక్కడే చేద్దాం" అని ముహూర్తం పెట్టేసుకుంటారు. తీరా బంధువులతో దిగాక పీటలు వేయనివ్వరు, హోమం కుదరదంటారు, సన్నాయి మేళం గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు పడే టెన్షన్ అంతా ముందు ఒక్క విషయం చూసుకుంటే తప్పుతుంది: మీరు చేయాలనుకున్న కార్యం ఏ క్షేత్రంలో ఆనవాయితీగా జరుగుతూ వస్తోందో ఆ క్షేత్రానికి వెళ్లండి. అలాంటి చోట పురోహితుడు ఉంటాడు, మండపం ఉంటుంది, టికెట్ ఉంటుంది, మీ వల్ల మిగతా భక్తులకు ఇబ్బందీ ఉండదు. ఆనవాయితీ లేని చోటుకి మన కార్యాన్ని మోసుకెళితే ఎంత భక్తితో చేసినా అక్కడివాళ్లకి బరువే.

మొక్కు ఉంటే ఎంపిక లేదు

ముందుగా ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఈ కార్యానికి మొక్కేమైనా ఉందా అని. "మనవడు పుడితే పుట్టు వెంట్రుకలు శ్రీశైలంలో తీయిస్తాం" అని నాయనమ్మ ఎప్పుడో మొక్కుకుని ఉంటుంది. ఇలవేల్పు సింహాద్రి అప్పన్నో, యాదగిరి నరసింహస్వామో, వేములవాడ రాజన్నో అయి ఉంటాడు. అలాంటప్పుడు పోలికలతో పని లేదు, అక్కడికే వెళ్లాలి. గది దొరుకుతుందా, రోడ్డు బాగుందా అన్నవి తర్వాతి సంగతులు. మొక్కు లేని కార్యాల గురించే ఇక్కడ రాస్తున్నాను.

ఆవరణ ఎవరి చేతిలో ఉంది?

మన పాత క్షేత్రాలు పాలన పరంగా రెండు రకాలు. ఈ తేడా తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

మొదటి రకం దేవాదాయ శాఖ కింద నడిచే దేవస్థానాలు: అన్నవరం, బాసర, శ్రీశైలం, సింహాచలం లాంటివి. వీటికి ఈవో (కార్యనిర్వహణాధికారి) ఉంటారు, డబ్బు కట్టి చేయించుకునే ఆర్జిత సేవల కౌంటర్ ఉంటుంది. అక్కడ ఏ కార్యం చేయిస్తారో, ఎంతమంది కూర్చోవచ్చో, ఏ సామాను వాళ్లిస్తారో, ఏది మనం తెచ్చుకోవాలో అడిగితే చెప్తారు. తిరుమలకి వేరే పాలకమండలి ఉన్నా పద్ధతి ఇలాంటిదే.

రెండో రకం కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాలు: రామప్ప, లేపాక్షి వీరభద్రాలయం, అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు. వీటిలో చాలాచోట్ల పూజ జరుగుతూనే ఉంటుంది, అర్చకులుంటారు. కాని గోడ, స్తంభం, నేల, పైకప్పు చట్టం కాపలాలో ఉంటాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దాని కింద 1959లో వచ్చిన నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప రక్షిత కట్టడంలో సభ, రిసెప్షన్, విందు, వినోద కార్యక్రమం జరపకూడదు. గుర్తింపు ఉన్న మతాచారం ప్రకారం జరిగేవాటికి మాత్రం మినహాయింపు ఉంది. అనుమతించిన చోట తప్ప వండుకోవడం, తినడం కుదరదు. ఆ కట్టడంలో పాటించే ఆచారాన్ని మీరడం కూడా అదే నియమాల్లో నిషేధం.

మతాచారానికి ఇచ్చిన ఆ మినహాయింపుని చాలామంది తమకి అనుకూలంగా అర్థం చేసుకుంటారు. "పెళ్లి కూడా మతాచారమే కదా" అంటారు. పెళ్లి ఆచారమే, అందులో అనుమానం లేదు. కాని ఆ గుడిలో పెళ్లిళ్లు జరిపే వాడుక ఉందా అన్నది అసలు ప్రశ్న. శివరాత్రి అభిషేకం రామప్పలో వాడుక. మీ అబ్బాయి రిసెప్షన్ వాడుక కాదు. ఎవరో ఒక ఏజెంటు "నేను మాట్లాడతాను, చూసీచూడనట్టు వదిలేస్తారు" అంటే ఆ మాట మీద ముహూర్తం పెట్టుకోవద్దు. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాయికి పొగ, నూనె, పసుపు మరకలు మనం తగిలిస్తే తిరిగి శుభ్రం చేయడం ఎంత కష్టమో అక్కడ పనిచేసేవాళ్లని అడిగితే చెప్తారు.

పిల్లల కార్యాలు: బాసర ముందు

అక్షరాభ్యాసానికి నా మొదటి ఓటు బాసరకే. నిర్మల్ జిల్లాలో గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి అమ్మవారి గుడి. ఆ క్షేత్రం పేరు చెబితేనే పలక, బలపం గుర్తొస్తాయి. టికెట్ తీసుకుని మండపంలో కూర్చుంటే అర్చకులు వరసగా పిల్లల చేత దిద్దిస్తారు. సొంత పురోహితుణ్ణి తీసుకెళ్లాల్సిన పని లేదు. నిజామాబాద్–నాందేడ్ రైలు మార్గంలో బాసర స్టేషన్ ఉంది కాబట్టి కారు లేకపోయినా వెళ్లొచ్చు.

వసంత పంచమి రోజు, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు బాసరకి జనం పోటెత్తుతారు. ఆ రోజుల పవిత్రత వేరు, కాదనను. కాని మూడేళ్ల పిల్లాడు గంటలు గంటలు క్యూలో ఏడ్చి, చివరికి బలపం పట్టుకోనని మొండికేస్తే అక్షరాభ్యాసం అమ్మానాన్నలకి పరీక్షగా మారుతుంది. పిల్లాడి జన్మ నక్షత్రానికి కుదిరే రోజు (తారాబలం) చూసి, మామూలు వారంలో మంచి తిథి పెట్టుకోండి. ముందు రోజు సాయంత్రమే చేరి క్షేత్రంలో నిద్ర చేసి, పొద్దున్నే మొదటి వరసలో కూర్చుంటే పిల్లాడు కూడా హుషారుగా ఉంటాడు.

కోస్తా జిల్లాలవాళ్లకి బాసర బాగా దూరం. అన్నప్రాసన లాంటివి వాళ్లు దగ్గరలోని ఏ పెద్ద దేవస్థానంలోనైనా చేయించుకోవచ్చు. వాటికి క్షేత్ర నియమం అంత గట్టిగా లేదు.

వ్రతానికి అన్నవరానికి సాటి లేదు

సత్యనారాయణ వ్రతమైతే అన్నవరంలోని రత్నగిరి కొండ తప్ప ఇంకో పేరు చెప్పను. కొత్త దంపతుల్ని పెళ్లయిన వెంటనే అన్నవరం తీసుకెళ్లి వ్రతం చేయించడం గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో ఆచారం. ప్రాచీనత లెక్కలో చూస్తే ఇది మిగతావాటికంటే చిన్నది, ఇక్కడ స్వామి ఆరాధన 1891లో మొదలైంది. అయినా వ్రతానికి కావలసిన ఏర్పాటంతా ఆ కొండ మీద ఉన్నట్టు ఇంకెక్కడా లేదు. వ్రతం టికెట్లలో రకాలున్నాయి. తక్కువ ధర టికెట్‌కి చాలా జంటలు ఒకే మండపంలో వరసల్లో కూర్చుంటాయి. ధర పెరిగేకొద్దీ చోటు విశాలంగా దొరుకుతుంది. మీతో వచ్చేది పది మంది అయితే కింది రకం చాలు. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే కొంచెం ఎక్కువ పెట్టి ప్రశాంతంగా కూర్చోవడం మేలు.

కార్తీక మాసంలో మాత్రం మండపాలు కిటకిటలాడతాయి. "కార్తీకంలోనే చేయాలి" అనే పట్టింపు లేకపోతే మార్గశిరంలో వెళ్లండి. రైల్లో వచ్చేవాళ్లకి విశాఖ–విజయవాడ మెయిన్ లైన్లో అన్నవరం స్టేషన్ ఉంది, రోడ్డు మీద వస్తే జాతీయ రహదారి పక్కనే. విస్తరాకులో కట్టిచ్చే గోధుమ నూక ప్రసాదం బంధువులందరికీ సరిపడా ముందే లెక్క కట్టుకుని కౌంటర్‌లో తీసుకోండి. రిటర్న్ గిఫ్ట్ అంటూ ఇంకేదీ వెతకక్కర్లేదు.

షష్టిపూర్తి: తిరుక్కడయూరా, శ్రీశైలమా?

ఇది కాస్త ఆలోచించి తేల్చాల్సిన ఎంపిక. మన 60 సంవత్సరాల చక్రంలో పుట్టిన ఏడాది పేరు తిరిగి వచ్చినప్పుడు షష్టిపూర్తి. 1966 ఉగాదితో మొదలైన పరాభవ నామ సంవత్సరంలో పుట్టినవారికి 2026 ఉగాది నుంచి మళ్లీ పరాభవ. జన్మ మాసం, జన్మ నక్షత్రం చూసి రోజు పెడతారు కాబట్టి తేదీ మన చేతిలో ఉండదు. అందువల్ల ఆ రోజుకి ఏ క్షేత్రం కుదురుతుందన్నది పెద్ద ప్రశ్న అవుతుంది.

తమిళనాడులో మయిలాడుదురై దగ్గరున్న తిరుక్కడయూర్ ఈ కార్యానికే పేరుపొందింది. అమృతఘటేశ్వరుడు, అభిరామి అమ్మవారు. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి అణచిన చోటని నమ్మకం. అరవై, డెబ్భై, ఎనభై ఏళ్ల శాంతులు అక్కడ దాదాపు రోజూ జరుగుతాయి. ఒకే ఉదయం చాలా జంటలు కనబడతాయి. మన తెలుగు కుటుంబాలూ చాలా వెళతాయి. కలశాలు పెట్టి, హోమం చేసి, ఆ జలంతో దంపతులకి స్నానం చేయించి, మళ్లీ మంగళసూత్రం కట్టిస్తారు. ఏర్పాటు పక్కాగా ఉంటుంది. కలశాల సంఖ్యని బట్టి, భోజనాల్ని బట్టి ఖర్చు మారుతుంది, ముందే రాయించుకోవాలి.

ఇబ్బంది రెండు విషయాల్లో ఉంది. అక్కడి పద్ధతి తమిళ పద్ధతి. సంకల్పం, మంత్రాలు సంస్కృతమే అయినా మధ్యలో పురోహితుడు చెప్పే సూచనలు మన పెద్దవాళ్లకి అర్థం కావు. తెలుగు తెలిసిన పురోహితుడు కావాలని ముందే అడిగి ఖాయం చేసుకోండి. ఇక ప్రయాణం. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో 60 దాటిన దంపతులు, వాళ్లకంటే పెద్దవాళ్లైన మేనత్తలు, బాబాయిలు అంత దూరం వచ్చి, పొద్దున్నే తలస్నానాలు చేసి హోమం పొగలో కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని నిర్ణయించుకోండి.

శ్రీశైలంలో గుడి లోపల షష్టిపూర్తి తంతు చేయాలని చూడొద్దు. అక్కడి పద్ధతి వేరు. స్వామికి అభిషేకం, భ్రమరాంబ అమ్మవారికి కుంకుమార్చన దేవస్థానం టికెట్‌తో చేయించుకుంటారు. హోమం, కలశ స్నానం, మాంగల్యధారణ, భోజనాలు సత్రంలో పెట్టుకుంటారు. శ్రీశైలంలో ఉన్నన్ని సత్రాలు మన వైపు ఇంకో క్షేత్రంలో చూడం. కరివేన సత్రంతో పాటు దాదాపు ప్రతి సామాజిక వర్గానికీ అక్కడ ఒక సత్రం ఉంది. గదులు, హాలు, వంటవాళ్లు, తెలుగు పురోహితులు ఒకేచోట కుదురుతారు. జ్యోతిర్లింగం, శక్తిపీఠం రెండూ ఉన్న క్షేత్రం కాబట్టి దంపతుల కార్యానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది నాకు.

హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు నల్లమల రోడ్డు సంగతి మరిచిపోవద్దు. పులుల అభయారణ్యం కాబట్టి మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేస్తారు. ఆఫీసు అయ్యాక బయల్దేరి రాత్రికి చేరిపోదాం అనుకునే అల్లుడికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి. పాతాళగంగకి మెట్లు దిగలేనివాళ్లకి రోప్‌వే ఉంది. దారిలో కోతులకి తిండి విసరడం, ప్లాస్టిక్ కవర్లు పారేయడం పిల్లల్ని చేయనివ్వకండి. అది అడవి, ఆ జంతువుల ఇల్లు.

నన్ను అడిగితే: ఇంట్లో అందరూ ఓపిగ్గా తిరగగలిగేవాళ్లై, చుట్టుపక్కల చిదంబరం, కుంభకోణం కూడా చూడాలనుకుంటే తిరుక్కడయూర్. పెద్ద వయసు బంధువులు ఎక్కువగా ఉంటే, తంతు మనకి అర్థమయ్యే భాషలో జరగాలనుకుంటే శ్రీశైలం.

పెళ్లి: తిరుమల, అన్నవరం, మరి లేపాక్షి?

నిజంగా చిన్న పెళ్లి కావాలంటే తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణ వేదిక ఉంది. దేవస్థానమే పురోహితుణ్ణి, మంగళవాద్యాన్ని ఉచితంగా ఇస్తుంది. వధూవరుల తల్లిదండ్రులు దగ్గరుండాలి, వయసు ధ్రువపత్రాలు కావాలి, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. బంధువుల గుంపుకి, విందుకి అక్కడ చోటు లేదు. పెళ్లి, దర్శనం, అంతే. అదే కావాలనుకునేవాళ్లకి దాన్ని మించింది లేదు.

40–50 మంది ఉంటారు, భోజనాలు కూడా అక్కడే జరగాలి అంటే అన్నవరం లేదా సింహాచలం చూడండి. అన్నవరంలో పెళ్లయ్యాక అదే కొండమీద వ్రతం కూడా అయిపోతుంది, ప్రయాణం కలిసొస్తుంది. ముహూర్తాలు గట్టిగా ఉన్న రోజుల్లో మాత్రం కొండమీద పక్కపక్కనే పెళ్లిళ్లు, ఒక మేళం ఇంకో మేళాన్ని మింగేస్తుంది. నిశ్శబ్దం కోరుకునేవాళ్లు ఇది తెలిసి వెళ్లాలి.

లేపాక్షి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులో ఉండే మనవాళ్లు తరచూ ఈ ఊరి పేరే ఎత్తుతారు. 120 కిలోమీటర్ల దూరం, పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ వేళకి చేరతారు. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి. ఆవరణలో పైకప్పు లేని కల్యాణ మండపం ఒకటుంది. పార్వతీ కల్యాణానికి తరలివచ్చిన దేవతలు, ఋషులు దాని స్తంభాల మీద నిలబడి ఉంటారు. పని మధ్యలోనే ఆగిపోయిన మండపం అది. దాన్ని చూసినవాళ్లకి అక్కడ పెళ్లి చేసుకోవాలనిపించడం సహజం. కాని అది పురావస్తు శాఖ కట్టడం, అద్దెకిచ్చే మండపం కాదు. గుడి పైకప్పుకి లోపలివైపు విజయనగర కాలపు చిత్రాలున్నాయి. హోమం పొగ, దీపాల మసి వాటికి శత్రువులు. లేపాక్షి మీద మనసుపడితే పెళ్లి హిందూపురంలో హాలులో పెట్టుకుని, మర్నాడు కొత్త దంపతుల్ని పదిమందితో తీసుకొచ్చి వీరభద్రస్వామికి అర్చన చేయించండి. ఆ కల్యాణ మండపం ముందు నిలబడి ఆ స్తంభాల మీది కథ పెద్దవాళ్లెవరైనా కొత్త జంటకి చెబితే, నా దృష్టిలో అదే అసలైన వేడుక.

దేవస్థానంలో జరిగిన పెళ్లికి ఇచ్చిన రసీదు జాగ్రత్తగా దాచుకోండి. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి. విదేశాల్లో ఉండేవాళ్లకి వీసా దగ్గర అడిగేది ఆ సర్టిఫికెట్‌నే.

రామప్ప, అలంపూర్: ఏం చేయొచ్చు?

రామప్పలో శుభకార్యం ఎలాగైనా చేయాలనుకునేవాళ్లకి నా సూటి సమాధానం: రుద్రాభిషేకం, అర్చన చేయించుకోండి. ఇంకేదీ లోపల పెట్టుకోవద్దు. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. పునాదిలో ఇసుక నింపి దాని మీద నిలబెట్టిన కట్టడం. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. గర్భగుడి ముందు రంగమండపంలో నల్లరాతి స్తంభాల మధ్య చోటు చాలా తక్కువ. 25 మంది ఒకేసారి చుట్టూ మూగితే వెనకవాళ్లకి ఏమీ కనబడదు, మామూలు భక్తులు బయట నిలబడిపోతారు. అభిషేకానికి కార్యం చేయించుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు లోపల కూర్చుని, మిగతావాళ్లు విడతలుగా దర్శనం చేసుకోవాలి. భోజనాలు, మాటలు, ఆటలు బయటే. చెరువు ఒడ్డున పర్యాటక శాఖ వసతి ఉంది, లేదంటే హనుమకొండలో హోటళ్లున్నాయి. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఇలా వెళితే బాగుంటుంది. అరవై మందితో వెళితే ఎవరికీ బాగుండదు.

నాట్యం నేర్చుకున్న అమ్మాయిల తల్లిదండ్రులకి రామప్ప అంటే ప్రత్యేకమైన ఆశ. చూరు కింద మదనికలు, స్తంభాల మీద నర్తకీమణులు. పేరిణి నాట్యాన్ని మళ్లీ బతికించిన నటరాజ రామకృష్ణకి దారి చూపింది ఈ శిల్పాలే. "ఒక్క పది నిమిషాలు ఇక్కడ నాట్యం చేయిస్తాం, వీడియో తీసుకుంటాం" అని అడుగుతారు. అది ప్రదర్శన కిందకి వస్తుంది, అనుమతి కావాలి. స్టాండ్ పెట్టి తీసే కెమెరాకి, డ్రోన్‌కి కూడా ముందే అడగాలి. అరంగేట్రం వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఏదైనా ఆడిటోరియంలో పెట్టుకుని, దాని ముందు రోజు అమ్మాయిని, గురువుగారిని రామప్పకి తీసుకొచ్చి గజ్జెలు స్వామి ముందు పెట్టి పూజ చేయించడం సరైన పద్ధతి. శిల్పాల ముందు కూర్చుని గురువుగారు ఒక్కో భంగిమ చూపిస్తే ఆ పాఠం ఆ పిల్ల ఎప్పటికీ మరిచిపోదు.

అలంపూర్ పరిస్థితి వేరు. అక్కడ రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. జోగులాంబ అమ్మవారి గుడి 2005లో మళ్లీ కట్టుకున్నది, దేవస్థానం నడుపుతోంది. దాని పక్కనే 7–8 శతాబ్దాల బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి, వాటిలో బాలబ్రహ్మేశ్వరుడికి నిత్యపూజ ఉంది. కార్యం జోగులాంబ దగ్గర టికెట్ తీసుకుని చేయించుకుని, తర్వాత బంధువులతో తీరిగ్గా పాత గుళ్లు తిరిగి చూడొచ్చు. కర్నూలు దగ్గరే కాబట్టి వసతికి, భోజనాలకి ఇబ్బంది లేదు. శ్రీశైలం అంత రద్దీ ఉండదు. పాత రాతి గుళ్ల వాతావరణం, ఆనవాయితీగా జరిగే పూజ రెండూ కావాలనుకునే 15–20 మంది కుటుంబానికి నేను మొదట చెప్పేది అలంపూరే. ఎందుకో ఈ క్షేత్రం మనవాళ్ల ఆలోచనలోకి రాదు, నాకు అది బాధగా ఉంటుంది.

ధ్యానం, బౌద్ధ క్షేత్రాలు

బుద్ధ పూర్ణిమకి చిన్న ధ్యాన సమావేశం పెట్టుకోవాలనుకునే బృందాలు నాగార్జునకొండ అంటాయి. అక్కడికి విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. లాంచీ వేళలే మీ కార్యక్రమాన్ని నిర్ణయిస్తాయి, మ్యూజియానికి శుక్రవారం సెలవు. మౌనంగా ఒక గంట కూర్చుని రావడానికి సరే, మైకు, ప్రసంగం, భోజనం అంటే కుదరదు. అలాంటివాటికి సాగర్‌లోనే 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. 274 ఎకరాలు, పురాతన నిర్మాణం కాదు కాబట్టి పాడవుతుందన్న భయం లేదు. ఒక పూట బుద్ధవనంలో, ఒక పూట కొండ మీద అని పెట్టుకుంటే సరిపోతుంది.

ఎప్పుడు?

అమెరికా నుంచి, దుబాయ్ నుంచి వచ్చేవాళ్లకి సెలవులు డిసెంబర్‌లో. సరిగ్గా డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పెళ్లి ముహూర్తాలుండవు. ఆషాఢంలోనూ అంతే. మూఢం (గురువో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనబడని రోజులు) వస్తే ఇంకా కొన్ని వారాలు పోతాయి. ఆ సెలవుల్లో పెళ్లి కోసం పంతులుగారిని ఇబ్బంది పెట్టే బదులు సత్యనారాయణ వ్రతం, అభిషేకం, కుంకుమార్చన లాంటివి పెట్టుకోండి. వాటికి ఆ అడ్డు లేదు.

బ్రహ్మోత్సవాల రోజుల్లో చాలా ఆలయాల్లో ఆర్జిత సేవలు ఆపేస్తారు. గ్రహణం రోజు శ్రీకాళహస్తి లాంటి ఒకటి రెండు తప్ప గుళ్లన్నీ మూసేస్తారు. శ్రీశైలంలో ఉగాదికి కన్నడ భక్తులు పాదయాత్రగా లక్షల్లో వస్తారు, ఆ వారం మీ కార్యానికి పనికిరాదు. దగ్గరి జ్ఞాతుల్లో ఎవరైనా పోతే మైల వచ్చి కార్యం వాయిదా పడవచ్చు. అందుకని గదులు, బండి మాట్లాడేటప్పుడు తేదీ మార్చుకునే వీలుందా అని ముందే అడగడంలో తప్పేమీ లేదు, అశుభం అని మొహమాటపడకండి.

మనుషులు, భోజనం, ఫొటోలు

పెళ్లి తప్ప మిగతా కార్యాలకి పిలిచేవాళ్లు 30 దాటితే క్షేత్రంలో చేయడం కష్టం. రెండు ట్రావెలర్ బండ్లలో పట్టేంతమంది అని లెక్క పెట్టుకోండి. మిగతావాళ్లకి ఊరికొచ్చాక ఇంటి దగ్గర ఒక పూట భోజనం పెట్టొచ్చు. "మమ్మల్ని పిలవలేదు" అనే మాట రాకుండా, కార్యం క్షేత్రంలో చిన్నగా చేస్తున్నామని పెద్దవాళ్లే స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. వాట్సాప్ మెసేజ్‌తో సరిపెడితే పినతల్లులు, మేనమామలు నొచ్చుకుంటారు.

భోజనం సత్రంలోనో, దేవస్థానం అన్నదానంలోనో. అన్నదానంలో తింటే ఆ రోజు మీ పేరున కొంత విరాళం కట్టండి. విడిగా వంట చేయిస్తే ఆకు విస్తళ్లు వాడండి, ఎంగిలి విస్తళ్లు ఎక్కడ వేయాలో సత్రంవాళ్లని అడిగి అక్కడే వేయించండి. బట్టల విషయం ముందే చెప్పాలి: అభిషేకంలో కూర్చునే మగవాళ్లకి పంచె, ఉత్తరీయం, ఆడవాళ్లకి చీర. పిల్లలకి కొంచెం వదులుగా ఉండే బట్టలు చాలు.

ఫొటోగ్రాఫర్‌కి గర్భగుడి వైపు కెమెరా తిప్పకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పండి. చాలా దేవస్థానాల్లో లోపలికి ఫోన్ కూడా రానివ్వరు కాబట్టి మండపంలో జరిగే తంతుకే ఫొటోలు. దంపతుల చేత శిల్పాల మీద చేతులు వేయించి, నంది పక్కన ఎక్కించి ఫోజులు పెట్టించే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. పురోహితుడి సంభావన, మేళగాళ్ల డబ్బు, వంటవాళ్ల కూలి ముందే మాట్లాడి, కార్యం అవగానే పీటల మీద నుంచి లేచేలోపు అవి ఇచ్చేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. దక్షిణ తాంబూలంలో పెట్టి ఇవ్వండి, బేరాలు అక్కడ వద్దు.

టికెట్లు, గదులు దేవస్థానం అసలు వెబ్‌సైట్‌లోనో, కార్యాలయం కౌంటర్‌లోనో మాత్రమే తీసుకోండి. అదే పేరుతో నడిచే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. ఫోన్ చేసినప్పుడు టికెట్ మీద ఎంతమందిని అనుమతిస్తారు, మన పురోహితుణ్ణి తెచ్చుకోవచ్చా, హోమానికి చోటుందా, నడవలేనివాళ్లకి చక్రాల కుర్చీ దొరుకుతుందా అని అడిగి రాసిపెట్టుకోండి. కార్యానికి వారం ముందు మళ్లీ ఒకసారి ఫోన్ చేసి, ఆ రోజు ఉత్సవాలు, సేవల వేళల్లో మార్పులు ఏమైనా ఉన్నాయేమో కనుక్కోండి. గోత్రనామాల చీటీ, రసీదు జిరాక్సు, ఆధార్ కార్డులు ఒక సంచిలో పెట్టి, కార్యంలో పీటల మీద కూర్చోనవసరం లేని ఒకరికి ఇవ్వండి.